చిప్ చేసిన తప్పు

మొన్న పొద్దున కాఫీ తాగుతూ మెయిల్ తెరిస్తే, ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కెర్నెల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ నుంచి ఒక పాత ముక్కను తీసేద్దామని ఎవరో రాశారు. ఆ చిప్ ఇప్పుడు ఎవరూ వాడడం లేదట. ఒకప్పుడు ఆ ముక్కను రాసినవాణ్ణి నేనే కాబట్టి మర్యాదకు నన్నడిగారు. అభ్యంతరం లేదని జవాబిచ్చాను.

డ్రైవర్లు రాస్తానంటే, కొండ మీదికి బస్సు తోలుతాననుకునే పెద్దలు అలిపిరి దగ్గరి మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. తెర మీద బొమ్మ రావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కీ గ్రాఫిక్స్ చిప్‌కీ మధ్య మాటలు నడిపే ప్రోగ్రామే ఈ డ్రైవర్. చిప్‌లోనే లోపముంటే, తయారై వచ్చేసినదాన్ని ఎవరూ విప్పి దిద్దలేరు. ఆ లోపం జోలికి పోకుండా డ్రైవరే పక్కదారి పట్టాలి. నా ఉద్యోగంలో సగం ఆ దారులు వేయడమే.

ఆ పాత ముక్క రాసిన రోజుల్లో మా వదిన శ్రీకాళహస్తి నుంచి కంపెనీ బస్సులో శ్రీ సిటీకి వెళ్లి, ఒక ఫ్యాక్టరీలో పరీక్ష బల్ల దగ్గర పనిచేసేది. తయారైన సర్క్యూట్ బోర్డును మిషన్‌లో పెడితే, అది మంచిదో కాదో ఎదురుగా ఉన్న తెర చెబుతుంది. ఆ తెర వదిన షిఫ్టులోనే బిగుసుకుపోయేది. లైనంతా ఆగేది. "ఈమె సెయ్యి పడితే మిషన్ సస్తాది" అని సూపర్‌వైజర్ అందరి ముందరా అన్నాడట. ఆమెను అక్కడ నుంచి లేపి అట్టపెట్టెలు అంటించే పనిలో వేశారు. అదీ ఎన్నాళ్లో ఉండదని చూచాయగా చెప్పారు.

వదిన ఏడ్చే మనిషి కాదు. ఆదివారం మా ఇంటికొచ్చి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చెప్పింది. "నేనేం తప్పు సేయలేదప్పా. వాళ్లకెట్ల సెప్పేది?"

తెర ఆగే ముందు ఏం చేస్తావని అడిగాను.

"ఏమీ సేయను. బోర్డును వెలుతుర్లో తిప్పి తిప్పి సూస్తాను. మిగతావాళ్లు బిరబిరా పెట్టేస్తారు."

ఆ తెరను నడిపేది ఏ చిప్పో కనుక్కుని, అదే ఉన్న పాత కంప్యూటరొకటి సంపాదించి ముందేసుకున్నాను. మొదట వైరును అనుమానించాను, తరువాత వేడిని. రెండూ కాదు. కాసేపు పని లేకపోతే కరెంటు ఆదా కోసం ఆ చిప్ నిద్రపోతుంది. లేచేటప్పుడు తనకందిన మొదటి ఆజ్ఞను మింగేస్తుంది. డ్రైవరేమో దాని జవాబు కోసం అట్లాగే కాచుకుని ఉండిపోతుంది, తెర బిగుసుకుంటుంది. బిరబిరా పనిచేసేవాళ్ల దగ్గర దానికి నిద్రపోయే తీరికే దొరకదు.

ఈ సంగతి అడిగితే, చిప్ తయారుచేసినవాళ్లు తమవైపు ఏ లోపమూ లేదని రాశారు. వాళ్లతో వాదించే ఓపిక లేక, ఆ ఒక్క మోడల్‌ను నిద్రపోనివ్వకుండా డ్రైవర్‌లో నాలుగు వరుసలు రాసి, ఎందుకు రాశానో పక్కనే వివరించాను. ఫ్యాక్టరీవాళ్లు ఆ డ్రైవర్ వేసుకున్నాక తెర మళ్లీ ఆగలేదు.

వదినను వెనక్కి రమ్మన్నారు. ఆమె వెళ్లింది గానీ కూర్చోలేదు. "అందరి ముందరా అంటిరి గదా సార్. అందరి ముందరే సెప్పండి" అందట. సూపర్‌వైజర్ వేరే వైపు చూస్తూ, "మిషన్‌దేలే తప్పు" అన్నాడు. అప్పుడు కూర్చుని, ఎప్పటిలాగే బోర్డును వెలుతురులో తిప్పి చూసింది.

ఆ తరువాత కూడా లైన్‌లో ఏ మిషన్ ఆగినా ముందు తనవైపే తలలు తిరిగేవని, చాలా కాలానికి మాటల మధ్యలో మామూలుగా చెప్పింది. చిప్ సంగతి నాలుగు వరుసలతో తేలిపోయింది. ఆ తలలు తిరగడం మానడానికి మాత్రం కాలం తన తీరికలో తాను పనిచేయాల్సి వచ్చింది.