ఉంగరంతో ఉక్కు పరీక్ష

జిన్నారంలో మా ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ మేనేజరు ఉక్కును ఉంగరంతో పరీక్షించేవాడు. బాయిలర్ ఆపినప్పుడల్లా క్రోమియం ఉక్కు ఆవిరి గొట్టాన్ని ఉంగరంతో టంగుమనిపించి, చెవి ఆనించి, "గంట లెక్క మోగుతుంది. తుప్పు గిట్ల ఉన్నదా? ఇగ ఏంది పరేషాన్?" అనేవాడు. ఏళ్ల తరబడి వేడికి ఆ ఉక్కు తుప్పు పట్టకుండానే లోపల సత్తువ కోల్పోయి, మెల్లగా సాగి ఒకరోజు పగులుతుందని, ఎంత సాగిందో కొలిపిద్దామని చెప్పాను. ఆయన పైన తళతళలాడే కొత్త రేకు తొడిగించాడు. గొట్టానికి నిజంగానే కళ వచ్చింది.

దాని కిందే డ్యూటీ చేసే ఖాదర్ భాయ్ ఒకరోజు మేనేజరుకు తన కుర్చీ చూపించాడు. "సాబ్, అంత మంచిగుంటే జెర ఈడ కూసోండ్రి. చాయ్ తెప్పిస్త."

మేనేజరు వాచీ చూసుకున్నాడు. "మీటింగ్ ఉన్నది," అని తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "కుర్చీ జెర అవతలికి జరుపుకో."

ఆయన ఇచ్చిన రిపోర్టుల్లో నేను నమ్మింది అదొక్కటే.