బ్రేకు తొక్కని బాల్‌సింగ్

మా మామ బాల్‌సింగ్ కారు నడిపేటప్పుడు చెప్పులు విడిచి సీటు కింద పెడతాడు. వట్టి పాదం పెడల్ మీద ఉంటేనే బండి ఏమంటోందో తెలుస్తుందట. బ్రేకు మాత్రం తొక్కనంటాడు. రోడ్డు మీద చూపు లేనివాడికే బ్రేకుతో పని అన్నది ఆయన సిద్ధాంతం. ఎక్కడో దూరాన మేకల మంద కనబడితే అప్పుడే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాడు. బండి మెల్లగా, ఇంకా మెల్లగా పోయి, ఆఖరి మేక రోడ్డు దాటే వేళకు అక్కడికి చేరుతుంది. మహబూబాబాద్ చుట్టుపక్కల తండాల్లో నొప్పులు మొదలైన ఆడవాళ్లు ఆయన బండినే పిలిపించుకునేది అందుకే. ఆ బండి ఎక్కితే దవాఖాన వచ్చేదాకా కుదుపే తెలియదని మా అత్త మోతీబాయి గొప్పగా చెబుతుంది. నాకైతే ఆయన పక్కన కూర్చుంటే ఒళ్లు మండుతుంది. గంటలో పోయే దారికి గంటన్నర.

నేను ఆయన అల్లుణ్ణి, ఉపేందర్‌ని. భూపాలపల్లిలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. మామ మాటలు మాత్రం ఇక్కడ ఆయన ఊళ్లో మాట్లాడే తెలుగులోనే రాస్తున్నాను.

ఆయన పుట్టింది బయ్యారం దగ్గరి తండాలో. ముందు ట్రాక్టరు, తర్వాత ఒక కాంట్రాక్టరు జీపు నడిపాడు. ఆ జీపు గేరుబాక్సు మార్చాలని ఒక మెకానిక్ చెబితే ఈయన అదే మాట తీసుకుపోయి యజమానికి చెప్పాడు. ఇద్దరూ కలిసి డబ్బులు పంచుకున్నారని యజమాని అనుమానపడి పనిలోంచి తీసేశాడు. తన తప్పేమిటో మామకు ఇప్పటికీ అర్థం కాలేదు. కానీ ఆనాటి నుంచి ఒక కొలత పెట్టుకున్నాడు: మనం చెప్పిన పని చేసి పంపేవాడు మంచోడు, మనం అడగని రోగం చెప్పేవాడు దొంగ. ఆ కొలతకు నిలిచినవాడు మహబూబాబాద్‌లో షెడ్డు పెట్టుకున్న రహ్మాన్ ఒక్కడే. ఆయిల్ మార్చమంటే ఆయిల్ మార్చి, "ఏం లేదన్నా, పో" అనేవాడు. ఇరవై ఏళ్ల స్నేహం ఆ ఒక్క మాట మీద నడిచింది.

మొన్న వేసవిలో నా భార్య పూజకు ఎనిమిదో నెల పడింది. తొలి కాన్పు, పుట్టింటికి తీసుకుపోవాలి. నా బిడ్డ నా బండిలోనే వస్తుందని మామ పట్టుబట్టాడు. ఆదివారం భూపాలపల్లి వచ్చి తీసుకుపోవాలని మాట. శనివారం జనగామలో అత్తవైపు వాళ్ల పెళ్లి ఉంది. పూజ ఎటూ రాలేదు కనుక నన్ను పంపింది. నేను శుక్రవారమే మహబూబాబాద్ చేరాను. మామ నన్ను వెంటబెట్టుకుని బండికి గ్రీజు కొట్టించడానికి రహ్మాన్ షెడ్డుకు పోయాడు.

రహ్మాన్‌కు మోకాళ్లు పోయాయి. కుర్చీలో కూర్చుంటున్నాడు, పనంతా కొడుకు ఒవైస్ చూస్తున్నాడు. హన్మకొండలో పెద్ద షోరూంలో కొన్నేళ్లు చేసి వచ్చినవాడు. చక్రాలు విప్పి చూసి, చేతులు తుడుచుకుంటూ, ముందు చక్రాల బ్రేకులు మార్చాలన్నాడు. ప్యాడ్లు అరిగిపోయి ఇనుము తేలిందని, డిస్కులు కూడా గీసుకుపోయాయని చెప్పాడు.

మామ ముఖం మాడిపోయింది. "తొక్కని బ్రేకు ఎట్ల అరుగుతది?" అన్నాడు.

ఒవైస్ చూపించాడు. మామ చూడలేదు. నేను చూశాను, ఏం లాభం? మా ల్యాబులో ఎవరికైనా మైక్రోస్కోపు చూపిస్తే వాళ్లకు ఎంత తెలుస్తుందో నాకూ అంతే తెలిసింది. నల్లగా ఉంది, గీతలున్నాయి. బ్రేకు ఎలా ఉండాలో తెలియనివాడికి అది బాగుందో పోయిందో ఏం తెలుస్తుంది?

మామ రహ్మాన్ వైపు తిరిగి, నువ్వు చెప్పు అన్నాడు. రహ్మాన్ చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. "నేనిప్పుడు బండి కింద పండుకుంట లేను కదన్నా. పోరడు చెప్తుండు గదా" అన్నాడు చివరికి. అవుననా, కాదనా? కొడుకు అబద్ధమాడుతుంటే తండ్రి సిగ్గుపడి కప్పిపుచ్చుతున్నాడా, నిజం చెబుతుంటే గట్టిగా ఎందుకు అనడు? మామ చక్రాలు బిగించమని చెప్పి బండి తీశాడు.

మర్నాడు తొర్రూరు, పాలకుర్తి మీదుగా జనగామ పోయినంత సేపూ నాకు చెవులే పని చేశాయి. కిర్రుమని చప్పుడు వచ్చినట్టే ఉంటుంది. అద్దం దించితే ఉండదు, ఎత్తితే మళ్లీ వస్తుంది. అత్త చేతి గాజులేమో అనుకున్నాను. ఫోన్ తీసి వెతికితే ఒక వీడియోలో చప్పుడు వస్తే వెంటనే మార్చమన్నాడు, ఇంకో వీడియోలో షెడ్డువాళ్లు భయపెడతారు నమ్మకండి అన్నాడు. ఇద్దరికీ లక్షల మంది చూసినవాళ్లున్నారు. పూజ ఈ బండిలోనే రావాలన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో వీడియో తెరిచాను.

జనగామ చేరాక మామ ఒక ఉపాయం చేశాడు. దారిలో కనబడ్డ షెడ్డు ముందు ఆపి, ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చమన్నాడు. బ్రేకుల ఊసు ఎత్తలేదు. చక్రం ఊడదీస్తే బ్రేకు కనబడక తప్పదు, దోషముంటే వాడే చెబుతాడు, చెప్పలేదంటే ఒవైస్ దొంగ. నాకూ అది భలే ఉపాయమే అనిపించింది. మామ చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆ షెడ్డు యుగేందర్ అనే నడివయసు మనిషిది. చక్రాలు తీశాడు, లోపల ఒక క్షణం చూశాడు, మార్చి బిగించాడు. అయిపోయింది, పోవచ్చన్నాడు.

ఇక మామను పట్టలేకపోయాం. పెళ్లిలో వడ్డించేవాళ్లకు కూడా ఒవైస్ కథ చెప్పాడు. అంతటితో ఊరుకోక రహ్మాన్‌కు ఫోన్ చేశాడు. "జనగామల చూపిచ్చిన, ఏం లేదన్నరు. నీ కొడుకు దొంగ పని నేర్చిండు. ఇగ నీ షెడ్డు గడప తొక్క" అన్నాడు. అవతల రహ్మాన్ ఏమన్నాడని అడిగితే, "అచ్ఛా అన్నడు, పెట్టేసిండు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో గెలిచిన సంబరమేమీ లేదు.

నాకు ఒకటి గుచ్చుకుంటూనే ఉంది. యుగేందర్ "ఏం లేదు" అనలేదు. అసలేమీ అనలేదు. రెండింటికీ తేడా ఉందా లేదా అని తేల్చుకోలేక, భోజనాలయ్యాక పెళ్లివారి బైకు ఒకటి తీసుకుని మళ్లీ ఆ షెడ్డుకు పోయాను. పొద్దున చూసిన బండికి బ్రేకులు బాగున్నట్టే కదా అని అడిగాను.

"ఎక్కడియి? పూరా పోయినయి" అన్నాడు యుగేందర్, అదేదో నాకు తెలిసిన విషయమే అన్నట్టు.

మరి ఎందుకు చెప్పలేదంటే ఆయనకు కోపం వచ్చింది. "మీ మామ చేతులు కట్టుకొని నిలబడ్డడు. అట్ల నిలబడేటోళ్లను దినాం చూస్తన్న. టైర్లు అంటే టైర్లే చెయ్యాలె. బ్రేకులు గూడ పోయినయంటే దొంగ అని మొఖం మీదనే అంటరు. నేనెందుకు పడాలె?" అన్నాడు. తర్వాత కొంచెం తగ్గి, నిమ్మళంగా నడిపే మనిషిలా ఉన్నాడు, తొందర్లో ఎక్కడో ఒకచోట మార్పించుకుంటాడులే అనుకున్నానని చెప్పాడు.

ఆయన మీద అరవాలనిపించింది, కానీ ఏ మొహంతో అరవను? మా ల్యాబుకు వచ్చేవాళ్లు కూడా చీటీ చూపించి ఇన్ని పరీక్షలు నిజంగా అవసరమా అని నన్నే అడుగుతారు. నేను డాక్టర్ రాశాడు అంటాను, అంతకు మించి మాట్లాడను. చెప్పినవాడు దొంగా, దాచినవాడు మంచోడా? మామ పరీక్ష పెట్టింది యుగేందర్‌కు కాదు, వాడి నోటికి. వాడు నోరు మూసుకుని పాసయ్యాడు.

మామకు చెబితే, ఇప్పుడు వీడూ పని కోసమే అంటున్నాడన్నాడు. అప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. పెళ్లయిన ఇన్నాళ్లలో ఆయనకు ఎదురు చెప్పలేదు. "మామా, రేపు పూజను ఈ బండిల ఎక్కియ్య. బస్సుల తోల్కపోత" అన్నాను. మండపం ముందు నలుగురూ విన్నారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ చెప్పులు విడిచి బండెక్కాడు.

అందరం మహబూబాబాద్ బయల్దేరాం. బండి సరాసరి రహ్మాన్ షెడ్డు ముందు ఆగింది. రహ్మాన్ కుర్చీలోనే ఉన్నాడు. ఒవైస్ మమ్మల్ని చూసి లోపలికి పోయాడు. మామ ఎదురుగా బల్ల మీద కూర్చుని ఒక్కటే అడిగాడు: ఇరవై ఏళ్లుగా పోని బ్రేకులు ఇప్పుడెలా పోయాయి?

"పోయినయన్నా, శానసార్లు పోయినయి" అన్నాడు రహ్మాన్. "నువ్వు ఆయిల్ మార్పిద్దామని వచ్చినప్పుడే మార్చిన. పైసలు ఆయిల్ బిల్లులనే కలిపిన. నీకు చెప్పి మార్చుడు రెండు పనులు. చెప్పకుంట మార్చుడు ఒక్కటే పని."

తాను తొక్కనే తొక్కనని మామ మళ్లీ అన్నాడు, ఈసారి మెల్లగా.

"తొక్కుతవు. అందరు తొక్కుతరు. నీ కాలు నిమ్మళం, నీకు తెల్వదు" అన్నాడు రహ్మాన్. తన అలవాటు కొడుకుకు నేర్పబోతే, చెప్పకుండా చేయడం తన వల్ల కాదని ఒవైస్ అన్నాడట. "వాడు చెప్పిండు. దొంగైండు. నేను చెప్పలే, మంచోణ్నయిన. ఏంది అన్నా ఇది?"

నాకూ తెలియలేదు. మా మామను ఇన్నేళ్లు క్షేమంగా తిప్పిన మనిషి ఆయనకు ఒక్కసారీ నిజం చెప్పలేదు. దాన్ని మోసమంటే నాలుక తెగిపోతుంది, నిజాయితీ అందామంటే నోరు తిరగదు. మామ తన వట్టి పాదం వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ ముఖం చూస్తే జాలేసింది.

ఒవైస్ పిలవకుండానే వచ్చి పని మొదలుపెట్టాడు. మామతో మాట్లాడలేదు. ఈసారి మామ చేతులు కట్టుకోలేదు, పక్కన గొంతుక్కూర్చున్నాడు. అంతా బిగించాక, నేను ఎప్పుడూ వినని మాట అడిగాడు: "ఇంకేమన్న ఉందా?"

ఒవైస్ తండ్రి వైపు చూశాడు. తండ్రి రోడ్డు వైపు చూస్తున్నాడు. "వెనక సీటు బెల్టు వస్తలేదు కాకా" అన్నాడు.

మామ వెనక తలుపు తీసి, పూజ కూర్చునే చోట బెల్టు పట్టుకుని లాగాడు. రాలేదు. ముందే ఎందుకు చెప్పలేదంటే, "మీరు అడగలే" అన్నాడు ఒవైస్. మామ అది కూడా బాగు చేయమన్నాడు.

ఆదివారం భూపాలపల్లి నుంచి బయల్దేరాం. పూజ వెనక బెల్టు పెట్టుకుని వాళ్లమ్మ భుజం మీద తల ఆనించింది. నేను ముందు కూర్చుని మొదటిసారి మామ పాదం వైపు చూశాను. మలుపు వచ్చినప్పుడల్లా, బొగ్గు లారీ ఎదురైనప్పుడల్లా ఆ పాదం బ్రేకు మీదికి పోతోంది. ఎప్పుడూ పోయేదో, కొత్తగా పోతోందో నాకు తెలియదు. మామ కూడా మధ్యమధ్య కిందికి చూసుకుంటున్నాడు. "నిజంగనే అరిగినయంటవా అల్లుడా?" అని రెండుసార్లు అడిగాడు. తెలియదు మామా అన్నాను.

రేగొండ దాటాక చేలోంచి ఒక బర్రె ఉన్నట్టుండి రోడ్డు మీదికి ఉరికింది. దూరం నుంచి చూసి కాలు తీసే వ్యవధి లేదు. మామ తొక్కాడు. బండి ముందుకు వంగి, బర్రె పక్కటెముకలు లెక్కబెట్టేంత దగ్గరలో నిలబడింది. వెనక్కి తిరిగి చూశాను. పూజ బెల్టును రెండు చేతులతో పట్టుకుని, పొట్ట తడుముకుని, ఏం కాలేదన్నట్టు తలూపింది. బర్రె తాపీగా దాటిపోయింది. మామ మాత్రం బండి కదిలించలేదు.

ఒవైస్‌కు ఫోన్ కలపమన్నాడు. ఏం చెబుతావని అడిగితే తెలియదన్నాడు. కలిపి ఆయన చెవి దగ్గర పెట్టాను.

"ఏమైంది కాకా, బ్రేకులల్ల ఏమన్న తేడా ఉందా?" అని ఒవైస్ గొంతు కంగారుగా వినిపించింది.

మామ ఫోన్‌ను తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం లేదు బిడ్డా" అన్నాడు. "ఆగింది."