ఒకే ముహూర్తానికి ఇరవై సర్వర్లు

కరోనా సద్దుమణిగి ఆఫీసులు మళ్ళీ నిండిన ఏడాది, ఏప్రిల్ మొదటివారంలో, నన్ను మా సహకార బ్యాంకు ప్రధాన కార్యాలయంలో సిస్టమ్స్ విభాగానికి డిప్యూటీ మేనేజరుగా వేశారు. కార్యాలయం సికింద్రాబాదులోనే. నా రిటైర్మెంటుకు అప్పటికి ఏడాది ఉంది. రిటైరయ్యేవాడిని సిస్టమ్స్‌కు వేయడానికి మా బ్యాంకులో రెండు కారణాలుంటాయి. ఒకటి, మనిషి మీద నమ్మకం. రెండోది, మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియకపోవడం. ఆర్డరులో కారణం రాయరు కనుక నేను మొదటిదే అనుకున్నాను.

నాకు అప్పగించిన పని వర్చువలైజేషన్. కింది అంతస్తులో శాఖకొకటి చొప్పున పాత సర్వర్లు ఉండేవి. అకౌంట్స్‌కు ఒకటి, రుణాలకు ఒకటి, వసూళ్ళకు ఒకటి. ఒక్కోటీ తన శక్తిలో పదోవంతు కూడా వాడకుండా రోజంతా కరెంటు తాగుతూ వేడి కక్కేది. వాటిని తీసేసి రెండు పెద్ద సర్వర్లు, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఒక డిస్కుల పెట్టె పెట్టాలి. వాటిమీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. అది ఒకే యంత్రాన్ని వాటాలుగా పంచి, ఒక్కో వాటాలో ఒక్కో వర్చువల్ మెషీన్‌ను కాపురం పెడుతుంది. ప్రతి మెషీనూ ఇల్లంతా తనదే అనుకుంటుంది. ఉన్న ఇల్లు పంచుకుని వాటాల్లో బతికిన కుటుంబం మాది. నాకీ సంగతి ఎవరూ ప్రత్యేకంగా వివరించనక్కర్లేకపోయింది.

పని చేయడం మాత్రం రాదు. నా కింద స్వప్న అనే కాంట్రాక్టు ఇంజనీరు ఉండేది. మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వచ్చేది, విద్య తెలిసిన మనిషి. ఆమెను అడిగితే వారంలో నేర్పేది. కాని మా ఇంట్లో ఎవరూ ఎవరి దగ్గరికీ పోయి నేర్చుకోలేదు. సంగీతం మాస్టారు, లెక్కల పంతులు, ఆఖరికి ఈత నేర్పేవాడు కూడా మా తాతగారి బంగళాకే వచ్చేవారట. బంగళా పోయింది, అలవాటు మిగిలింది. అందుకని ఆఫీసులు వదిలించుకున్న పాత సరుకు అమ్మే దుకాణంలో ఒక సర్వరు కొని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కార్ఖానా ప్రాంతంలోని మా ఫ్లాటుకు తెచ్చుకున్నాను.

స్టోరు గదిలో పచ్చళ్ళ జాడీల పక్కన పెట్టి మీట నొక్కగానే దాని ఫ్యాన్లన్నీ ఒక్కసారి అరిచాయి. కింది ఫ్లాటువాళ్ళు బోరింగు లారీ వచ్చిందేమోనని బయటికి వచ్చి చూశారు. హైపర్‌వైజర్ ఎక్కించాను, వర్చువల్ మెషీన్ తయారు చేశాను, అది లేవనంది. రెండు రోజులు కుస్తీ పట్టాక తెలిసింది. ప్రాసెసరుకు వర్చువలైజేషన్ శక్తి ఉన్నా, బయాస్ అనే మూల సెట్టింగులలో దాని మీట వేయాలి. లేకపోతే ఆ శక్తి ఉన్నట్టే చెప్పదు. మా బ్యాంకులో ఇలాంటి ఉద్యోగులు చాలామంది ఉన్నారు, వాళ్ళ మీట ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

తరవాత పని సాగింది. పదికి పైగా వర్చువల్ మెషీన్లు పెట్టి మా వంశంలో పోయినవాళ్ళ పేర్లు ఇచ్చాను. బతికున్నవాళ్ళ పేర్లయితే వైరస్ పట్టినప్పుడు మాటపట్టింపులు వస్తాయి. ఏ మెషీను ఎక్కడుందో, ఎవరు లోపలికి రావచ్చో చెప్పేది డైరెక్టరీ సర్వరు. దానికి మా తాతగారి గుమాస్తా పేరు పెట్టాను. మా ఆవిడ ఆ మోత వింటూ, "ఏవండీ, మీ వంశమంతా ఒకే గదిలో గురక పెడుతున్నట్టుంది" అంది. మూడోరోజు నుంచి సర్వరు వెనక వచ్చే వేడిగాలికి వడియాలు ఆరబెట్టడం మొదలుపెట్టింది. ఆ యంత్రం మీద ఇంట్లో ఫిర్యాదులు అంతటితో ఆగిపోయాయి.

అసలు పాఠం జూన్‌లో వచ్చింది. ఒక మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు మోసి చేతులెత్తేసింది. కరెంటు రాగానే సర్వరు లేచింది. దానితోపాటు నా పూర్వీకులందరూ ఒకేసారి లేవబోయారు, నేనే అన్నిటికీ ఆటో స్టార్ట్ పెట్టి ఉంచాను కనుక. లేచేటప్పుడు మెషీను డిస్కు మీద పడి చదివే చదువు, లేచి నడిచేటప్పటి దానికి ఎన్నో రెట్లు. పదిమందికి పైగా ఒక్క డిస్కు మీద పడ్డారు. డిస్కు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది, ఒక్కడూ లేవలేదు. గుమాస్తా అందరికన్నా వెనకబడ్డాడు. వాడు లేవందే మిగతావాళ్ళకు దారి తెలియదు. ఈ వ్యవహారాన్ని మా వృత్తిలో బూట్ స్టార్మ్ అంటారు. మందు తేలిక. ఎవరి తరవాత ఎవరు లేవాలో వరుస రాసి, మధ్యలో రెండేసి నిమిషాల వ్యవధి పెట్టాలి. పెట్టాను. మళ్ళీ కరెంటు తీసి వేసి చూస్తే పూర్వీకులు బుద్ధిగా ఒకరి తరవాత ఒకరు లేచారు.

ఆఫీసులో పని జులైకి పూర్తయింది. శాఖకొకటి అనుకున్న మెషీన్లు ఇరవై దాటాయి. పక్క శాఖకు రెండు ఇచ్చారని తెలిస్తే మూడు అడగని శాఖాధిపతి మా బ్యాంకులో లేడు. డిస్కుల పెట్టెలో వేగమైన ఫ్లాష్ డిస్కులు కావాలని నేను రాస్తే, కొనుగోళ్ళ కమిటీ కొట్టేసి, గిరగిర తిరిగే పాతరకం డిస్కులే ఇచ్చింది.

అప్పుడు ఎండీ గారి ఇంటి సిద్ధాంతి శ్రావణ శుక్రవారం పొద్దున ముహూర్తం పెట్టాడు. ఆ ఘడియకు ఎండీ గారు దీపం వెలిగిస్తారు. తొమ్మిది శాఖల అధిపతులు తొమ్మిది కంప్యూటర్ల ముందు కూర్చుని, తమ తమ మెషీన్లను ఒక్కసారే ఆన్ చేస్తారు. మా డేటా అంతా తమ దగ్గరే ఉంచుకుని నడుపుతామని ఏడాదిగా తిరుగుతున్న ఒక కంపెనీ వాళ్ళను ముందు వరసకు ఆహ్వానించారు. సర్వర్లు లేవకపోతే పని వాళ్ళకు పోతుందని జనరల్ మేనేజరు యాదగిరి గారు దాచకుండా చెప్పారు. పని పోతే స్వప్న కాంట్రాక్టు ఆ నెలాఖరుతో సరి. నన్ను మిగిలిన నెలలకు స్టేషనరీ గోదాముకు పంపుతారు. ఆఖరి జీతం కార్బన్ పేపర్ల మధ్య తీసుకోవడానికి మా ఇంటిపేరు ఒప్పుకోదు.

ముహూర్తమంటే నాకు పడకపోవడానికి ఇంకో కారణం ఉంది. రాంగోపాల్‌పేట్‌లో మా తాతగారికి ఒక కారు ఉండేది. అడిగిన ప్రతివాడికీ పెళ్ళికి ఇస్తానని మాట ఇచ్చేవారు. పెళ్ళిళ్ళు వేరువేరు రోజుల్లో జరిగినన్నాళ్ళూ ఒక్క కారే పది కార్ల పేరు సంపాదించింది. ఒక మాఘమాసంలో మంచి ముహూర్తం ఒక్కటే పడింది. ముగ్గురు పెళ్ళికొడుకులు మూడు వీధుల్లో బాసికాలు కట్టుకుని నిలబడ్డారు. కారు ఎక్కలేకపోయిన ఇద్దరిలో ఒకడి మేనమామే కంటోన్మెంటు దండుకు గడ్డి సరఫరా చేసే కాంట్రాక్టు మాకు ఇప్పించేవాడు. అది మాకు ఆ ఏడాదితో ఆఖరు. మా పతనానికి చరిత్రకారులు వేరే కారణాలు వెతకొచ్చు గాని, మా నాన్నగారు ఇదొక్కటే చెప్పేవారు.

యాదగిరి గారిని ఒక ఆదివారం ఇంటికి పిలిచి, స్టోరు గదిలో కుర్చీ వేసి, అన్ని మెషీన్లనూ ఒక్కసారి ఆన్ చేసి చూపించాను. మొదటి కాఫీ అయింది. ఉప్మా అయింది. రెండో కాఫీ కూడా అయింది. తెర మీద పేర్లు తప్ప ఇంకేమీ రాలేదు.

"రావు సాబ్, మీ తాతలు లేసేసరికి నేను సుత రిటైరైత" అన్నారాయన.

తరవాత వరుసలో లేపి చూపించాను. ఆయనకు అర్థమైంది. కాని ముహూర్తం ఎండీ గారిది, మార్చే ధైర్యం ఆయనకు లేదు. అడ్డంకి తీసింది మా ఆవిడ. పెళ్ళిలో ముహూర్తానికి పడాల్సింది జీలకర్ర బెల్లం ఒక్కటే గదా అంది. తలంబ్రాలు, అరుంధతి, అప్పగింతలు అన్నీ ఆ తరవాత తీరిగ్గా జరగడం లేదా? యాదగిరి గారు అక్కడి నుంచే సిద్ధాంతికి ఫోను చేశారు. ముహూర్తానికి ఒక్క మీట పడితే శాస్త్రం ఒప్పుకుంటుందని, మిగతావి వర్జ్యం రాకముందు ఎప్పుడు లేచినా దోషం లేదని ఆయన సెలవిచ్చాడు. శాస్త్రం ఎప్పుడూ ఇంత మర్యాదగానే ఉంటుంది, అడిగేవాడే ఉండడు.

సోమవారం నేను వరుస రాసి సర్క్యులరు పంపించాను. ఎండీ గారు మీట నొక్కుతారు. మొదట డైరెక్టరీ సర్వరు, తరవాత డేటాబేసు, ఆ తరవాత శాఖలు. దేని మీద ఏది ఆధారపడుతుందో చూసి రాసిన వరుస అది. అందులో చీఫ్ అకౌంటెంటు రంగారావు గారి శాఖ ఆరోది. ఆయన గోదావరి జిల్లా మనిషి, కోపంలో కూడా గొంతు పెంచరు. మీటింగులో సర్క్యులరును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు.

"డైరెక్టరీ అంటే ఫోన్ నంబర్ల పుస్తకమే కదండీ. దాని ఎంగిలి విస్తట్లో నేను తినాలన్న మాట."

రుణాల శాఖ వాళ్ళు తాము లేకపోతే అకౌంట్స్‌కు రాసుకోవడానికి ఏమీ ఉండదన్నారు. వసూళ్ళవాళ్ళు, తాము లేకపోతే రుణాలవాళ్ళు జైల్లో ఉండేవారన్నారు. చిట్టచివర నిలిపిన సిబ్బంది శాఖాధిపతి నా పెన్షను ఫైలు ఎక్కడుందని మాత్రం వాకబు చేశారు. గంటన్నర తరవాత యాదగిరి గారు సర్క్యులరు వెనక్కు తీసుకున్నారు. ముందు అనుకున్నట్టే అందరూ ఒక్కసారే నొక్కాలి. బయటికి వచ్చాక స్వప్న మెట్ల మీద ఆగింది.

"సార్, గిట్లయితే శుక్రవారం మనకే అప్పగింతలు."

గురువారం మధ్యాహ్నం డైరెక్టరీని, డేటాబేసును నేనే ఆన్ చేశాను. పురోహితుడు పెళ్ళికి ముందే స్నానం చేసి వస్తాడు, అది ముహూర్త భంగం కాదని నాకు నేను చెప్పుకున్నాను. అవి లేచి కుదుటపడ్డాయి. మిగిలినవాటికి ఏం చేయాలో తోచక కూర్చుని ఉండగా రంగారావు గారు స్వయంగా సర్వరు గదికి వచ్చారు. ఆయన కింది అంతస్తుకు దిగడం అంతకుముందెప్పుడూ ఎవరూ చూడలేదు. తలుపు దగ్గరకు వేసి, రేపు అందరి ముందూ తన తెర ఒక్కటి రాకపోతే పరువు పోతుందని, తన మెషీన్లు ఇప్పుడే ఆన్ చేసి పెట్టమని అడిగారు.

కుదరదని చెప్పడానికి నోరు తెరిచాను. ఎవరికోసమూ వరుస తప్పించడం నాకు చేతకాదు. కాని ఎదురుగా తెర మీద, డిస్కుకు ఎంత పని పడుతోందో చూపే గీత కిందికి దిగి పడుకుని ఉంది. అకౌంట్స్‌ను ఇప్పుడు లేపితే అది ఒంటరిగా, హాయిగా లేస్తుంది. నేను సర్క్యులరులో రాసిందీ అదే. కాకపోతే అప్పుడు ఆయన ఆరోవాడు, ఇప్పుడు తన లెక్కలో మొదటివాడు.

ఆన్ చేశాను. వెళ్ళేటప్పుడు ఆయన చేయి పట్టుకుని, "ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. రుణాలవాళ్ళకు అసలే తెలియకూడదు" అన్నాను.

రంగారావు గారిని నేను ఇరవై ఏళ్ళుగా ఎరుగుదును. టీ వేళకు రుణాల శాఖాధిపతి దిగి వచ్చారు. ఆయన వెళ్ళాక వసూళ్ళు. ఒకరికి బీపీ ఉంది, ఒకరికి ముందు వరసలో కూర్చునే బావమరిది ఉన్నాడు. ఒకరు తనకు ముహూర్తాల మీద నమ్మకమే లేదన్నారు, ఆయన చేతికి మూడు తాయెత్తులున్నాయి. ప్రతివారూ తలుపు దగ్గరకు వేశారు. ప్రతివారికీ ఎవరికీ చెప్పవద్దని చెప్పాను, ఎవరి పేరు ప్రత్యేకంగా చెప్పాలో చూసుకుని చెప్పాను. ఒకరు వెళ్ళి ఇంకొకరు వచ్చేలోపు డిస్కు గీత మళ్ళీ పడుకునేది. స్వప్న మొదటి ఇద్దరినీ నోరు తెరిచి చూసింది. ఆ తరవాత వచ్చినవాళ్ళకు తనే కుర్చీ వేసింది. ఆఫీసు మూసే వేళకు యాదగిరి గారు దిగి, ఎండీ గారి రిపోర్టుల మెషీను సంగతి ఏమిటని ఎటో చూస్తూ అడిగారు. అదొక్కటే మిగిలింది. ఆన్ చేశాను.

శుక్రవారం కొబ్బరికాయ కొట్టారు. సర్వర్లకు బొట్టు పెట్టబోతే గాలి పోయే రంధ్రాల మీద వద్దని స్వప్న తలుపుకు పెట్టించింది. ఎండీ గారు దీపం వెలిగించారు. సిద్ధాంతి చేయి ఎత్తగానే తొమ్మిదిమందీ నొక్కారు. ఆ బటను నొక్కితే లాగిన్ తెర ముందుకు వచ్చేలా స్వప్న పొద్దున్నే అమర్చి పెట్టింది. తొమ్మిది తెరలూ రెప్పపాటులో వెలిగాయి. చప్పట్లు మోగాయి, ముందు వరసలోని కంపెనీ వాళ్ళు కూడా తప్పక కొట్టారు. ఎండీ గారు సిద్ధాంతికి శాలువా కప్పి, ఘడియ బలం అంటే ఇదీ అన్నారు. తొమ్మిదిమంది శాఖాధిపతులూ తక్కిన ఎనిమిదిమంది వంక ఒకే రకంగా చూశారు, జాలిగా.

స్వప్న కాంట్రాక్టు పొడిగించారు. నేను సిస్టమ్స్‌లోనే రిటైరయ్యాను. ముహూర్తం జరిగిన ఏడాదే సెప్టెంబరులో ఒక సెలవు రోజు కరెంటు పోయి వస్తే, మెషీన్లన్నీ నేను సెట్టింగులలో రాసి ఉంచిన వరుసలోనే లేచాయి. చూసేవాళ్ళు లేరు కనుక ఎవరికీ అవమానం జరగలేదు.

ఈ రంగంలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. యంత్రాలను వరుసలో నిలబెట్టాలంటే సెట్టింగులో రెండు నిమిషాల వ్యవధి రాస్తే చాలు. అధికారులను నిలబెట్టాలంటే వరుసను కాగితం మీద పెట్టకూడదు. ప్రతివారికీ వరుస తప్పించుకునే సందు ఒకటి చూపించి, ఆ సందు ఒక మనిషి పట్టేంత వెడల్పే ఉండేట్టు చూసుకోవాలి.