నాయన అంబాసిడర్... ఖాజా మామ పద్మిని

మా చిన్నప్పుడు... ఉదయగిరిలో టీ అంగడి ముందు రెండు బాడుగ కార్లు పక్కపక్కనే నిలబడి ఉండేవి. తెల్ల అంబాసిడర్ మా నాయనది. నీలం పద్మిని ఖాజా మామది. ఇద్దరూ ప్రాణస్నేహితులు... కార్ల మాట వస్తే మాత్రం పడేది కాదు.

"నా బండి గుంతలో పడినా లోపల కూర్చున్నోళ్లకు తెలవదు" అనేవాడు నాయన.

"నువ్వు ఆ గుంత దాటేలోపల నేను ఆత్మకూరులో టీ తాగుతుంటా" అనేవాడు మామ.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఏది గొప్ప కారో తేల్చుకోవాలని ఒకటే ఆరాటం...

ఒక ఎండాకాలం పొద్దున, ఆత్మకూరు నుంచి పెళ్లివాళ్లను తెచ్చే బాడుగ ఇద్దరికీ కలిపి వచ్చింది. "పాపను నా బండిలో రానీ అన్నా. ఎవరు ముందో అదే చెప్తాది" అన్నాడు మామ.

పద్మిని చిన్నదే... కానీ ఎంత చురుకో! మలుపుల్లో చేపలా తిరిగేది. కాసేపటికి వెనక అంబాసిడర్ కనబడకుండా పోయింది.

సగం దారి దాటాక చెడిపోయిన బస్సు ఒకటి ఆగి ఉంది. పక్కన పదమూడు మంది పిల్లలు... చేతుల్లో పరీక్ష అట్టలు. ఆత్మకూరులో పదో తరగతి పరీక్షకు పోవాలి. ఒకమ్మాయి ఏడుస్తోంది.

మామ ఐదుగురిని ఎలాగో సర్ది ఎక్కించాడు. ఆరో మనిషికి చోటు లేదు. "వెనకాల తెల్ల అంబాసిడర్ వస్తా ఉండాది. చెయ్యెత్తండి, మా అన్న నిలుపుతాడు" అని మిగతావాళ్లకు చెప్పి బండి కదిలించాడు.

వాళ్లను బడి గేటు దగ్గర దించాం. పందెం గెలిచిన సంతోషం మామ ముఖంలో లేదు. రోడ్డు వైపే చూస్తూ "రా అన్నా... రా" అని గొణుక్కుంటున్నాడు.

మొదటి గంట కొట్టేశారు. అప్పుడు కనిపించింది అంబాసిడర్. గేటు ముందు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు దిగుతున్నారు... దిగుతూనే ఉన్నారు. మొత్తం ఎనిమిది మంది! రెండో గంట కొట్టేసరికి అందరూ లోపలున్నారు.

"అంతమందిని ఎట్టా పట్టించినావన్నా?"

"అది సరే, నువ్వెప్పుడొచ్చినావు?"

"పావుగంటైంది."

ఒకరి కారు వైపు ఒకరు చూసుకున్నారు. ఏమనుకున్నారో ఏమో... తాళాలు మార్చుకున్నారు.

తిరుగు దారిలో పద్మినిలో నాయన పక్కన నేను. "స్టీరింగు ఎంత తేలిగ్గా ఉండాదో... మీ మామకు చెప్పబాక" అన్నాడు.

మరునాడు మామ నన్ను పక్కకు పిలిచాడు. "మీ నాయన బండిలో కూర్చుంటే ఇంట్లో కూర్చున్నట్టే ఉండాది పాపా. ఆయనతో అనబాక."

ఇద్దరూ బతికున్నన్నాళ్లూ వాదించుకుంటూనే ఉన్నారు. నేను ఎవరి మాటా బయటపెట్టలేదు.

ఇప్పుడు ఫోనులో రెండు కార్లు పక్కపక్కన పెట్టి, మైలేజీ చూసి కొనేస్తున్నాం... కారు కోసం వాదించుకునేంత ప్రేమ ఎవరికుంది?

మీ ఊళ్లో ఏది తిరిగేది? మీరు ఎవరి పక్షం? మొహమాటం లేకుండా చెప్పండి... అలగడానికి ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు.