గుర్రానికి వాము వైద్యం

1998, మార్చి నెల, ఆదివారం ఉదయం. స్థలం: ఎదురింటి బావ వాళ్ళ ముందుగది. హాజరైనవారు: అత్త, గిత్తల పెద్దమ్మ, మంగళగిరి అక్క, వీధిలో ఆడవాళ్ళు దాదాపు అందరూ, నేను. బావ డాబా మీద యాంటెన్నా దగ్గర. విషయం: గుర్రం చనిపోయింది.

నా డైరీలో ఆనాటి పేజీలో ఇంతే ఉంది. బడిలో చదివే రోజుల నుంచి ఏ సంగతైనా ఇలా తేదీ వేసి, ఎవరెవరున్నారో రాసి పెట్టుకోవడం నాకు అలవాటు. (పెళ్ళిలో కూడా తాళి కట్టగానే ఎవరెవరు వచ్చారో చూసుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.) ఇప్పటివాళ్ళకు తెరమీద ఒక కథ నచ్చితే ఒక బొమ్మ, నచ్చకపోతే ఇంకో బొమ్మ నొక్కితే సరిపోతుంది. మాకు ఆ రోజుల్లో నొక్కడానికి ఏమీ ఉండేది కాదు. ఉన్నది నోరొక్కటే. దాంతోనే మెచ్చుకోవాలి, దాంతోనే తిట్టాలి. తిట్టింది టీవీవాళ్ళకు వినపడకపోయినా నాలుగు వీధులకు వినపడేది కాబట్టి మాకు ఆ లోటు తెలియలేదు.

మాది పెదకాకాని దాటి రోడ్డు దిగి లోపలికి వెళితే వచ్చే ఊరు. నేను గుంటూరులో ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా కొత్తగా చేరి, బస్సులో వెళ్ళి వస్తుండేవాణ్ణి. మా ఇంటి పక్కనే మా మేనత్త ఇల్లు. కల్లాల్లో మిరపకాయలు ఎండి ఇళ్ళకు చేరే కాలంలో ఆమె వసారాలో వీధి ఆడవాళ్ళంతా చేరి తొడిమలు తుంచుతూ, తాలుకాయలు ఏరుతూ కూర్చునేవాళ్ళు. అత్తకు మాత్రం మిరప ఘాటు సరిపడదు. రెండు కాయలు తుంచిందంటే పది తుమ్ములు. చేతులు పనికిరాకపోయినా నోరు పనికొస్తుంది కదా అని ఆమె ఏనాడో పుస్తకం పట్టుకుంది. ఎప్పుడో ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ‘ఏడు మలుపుల కోట’ అనే జానపద నవల పేజీలన్నీ చించి, దబ్బనంతో కుట్టి, ఏటా మిరపకాయల వేళకు మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివి వినిపించేది. ఒక తుఫానులో ఆ పుస్తకం తడిసి ముద్దయిపోయింది. అత్త మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తర్వాత నుంచి పుస్తకం లేకుండానే అక్షరం పొల్లుపోకుండా చెప్పేది. పొల్లుపోలేదని మేమందరం అనుకునేవాళ్ళం.

కథలో రాకుమారుడున్నాడు, శిలగా మారిన రాకుమారి ఉంది, గడ్డం మాంత్రికుడున్నాడు. మా వీధికి వీళ్ళెవరూ లెక్కలో లేరు. మా కథానాయకుడు వెన్నెల అనే తెల్లగుర్రం. కోటకు పోయే దారిలో ఆరో మలుపు దగ్గర ఆ గుర్రం అగ్నిగుండం దాటబోయి కూలిపోతుంది. ఆ ఘట్టం వస్తే వసారాలో తొడిమ తుంచే చప్పుడు కూడా ఆగిపోయేది. అప్పుడు ఎక్కడినుంచో ఒక మునీశ్వరుడు వచ్చి, వాము దంచి, పసుపు కలిపి, గోరువెచ్చని ఆముదంలో రంగరించి, వెదురుగొట్టంతో గుర్రం గొంతులో పోస్తాడు. ముందు కుడిచెవి కదులుతుంది. తర్వాత తోక. తర్వాత ఒక్క ఊపున లేచి నిలబడుతుంది. అందరూ ‘హమ్మయ్య’ అనేవాళ్ళు. అందరికంటే గట్టిగా అనేది గిత్తల పెద్దమ్మ. ఒంగోలు గిత్తల జతను కన్నబిడ్డల్లా సాకిన మనిషి కాబట్టి ఆమెకు ఆ పేరు. హిమాలయాల్లో తపస్సు చేసుకునే మునికి మా ఊరి పశువుల మందు ఎలా తెలిసిందని నేను ఒక్కసారైనా అనుకోలేదు. లెక్కల్లో పైసా తేడా వస్తే రెండు పూటలు వెతికే మనిషిని మరి!

అలాంటి కథ టీవీలో ప్రతి ఆదివారం పొద్దున వస్తుందని తెలిశాక మా వీధి ఆగుతుందా? అప్పటికి రంగుల టీవీ కొన్నది ఎదురింటి బావ ఒక్కడే. వరసకు బావ. అతని మీసం మా చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్నది. నిమ్మకాయ నిలబెట్టవచ్చనేవాళ్ళు. (నిలబెట్టి చూసినవాళ్ళు లేరు.) పాపం, సొంత టీవీ ఉండి కూడా బావ ఆ సీరియల్ సగం చూడలేదు. డాబా మీద యాంటెన్నా పట్టుకుని, “వచ్చిందా?” అని అరుస్తూ ఉండేవాడు. కిందనుంచి మంగళగిరి అక్క, అంటే వాళ్ళావిడ, “వచ్చింది... పోయింది... కదలమాకయ్యా, అట్టాగే నిలబడు!” అనేది.

మొదటి వారమే అభిప్రాయాలు మొదలయ్యాయి. కోట చూసి, “ఇది కోటేంటే, కల్యాణమండపం మెట్లకు రంగేశారు” అన్నారొకరు. మాంత్రికుడు నవ్వడం మొదలుపెడితే మధ్యలో ప్రకటనలు వచ్చి పోయినా ఇంకా నవ్వుతూనే ఉన్నాడని మా అత్త విసుక్కుంది. చీరల ఊరు నుంచి కాపురానికి వచ్చిన మంగళగిరి అక్కకు రాకుమారి బట్టలు గిట్టలేదు. “రాజుగారి కూతురికి ఒక జరీ అంచు చీర దొరకలేదంటనా? పందిరికి కట్టే గుడ్డ చుట్టారు పిల్లకి” అంది. ఇన్ని అన్నా ఒక్కరూ ఇంటికి పోలేదు. ‘గుర్రం చూడాలి గదా’ అనేవాళ్ళు. గుర్రం ఒక్కటే బాగుంది. నిజంగానే తెల్లగా, నిజంగానే గుర్రంలా ఉంది.

ఆ ఆదివారం ఆరో మలుపు వచ్చింది. గుర్రం దూకింది, కూలింది. అందరూ మునీశ్వరుడి కోసం తెర అంచుల వంక చూస్తున్నారు. ఎవరూ రాలేదు. రాకుమారుడు గుర్రం మెడమీద తలపెట్టి ఏడ్చాడు, కత్తి దూసి శపథం చేశాడు, నడుచుకుంటూ ఏడో మలుపు తిరిగాడు. సబ్బు ప్రకటన వచ్చింది.

“అదేంటి? చంపేశారా?” అంది మంగళగిరి అక్క.

గిత్తల పెద్దమ్మ చెంగు దులుపుకుని లేచి, గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక గది భగ్గుమంది.

“దొంగసచ్చినోళ్ళు! గుర్రం మేపలేక చంపారు!”

“మునీశ్వరుడి వేషానికి మనిషి దొరక్కపోతే చెప్పొచ్చుగా, మా మామని పంపేదాన్ని!”

గొడవకు బావ డాబా దిగి వచ్చాడు. తన టీవీని తిడుతుంటే అతనికి కోపం వచ్చింది. “ఎందుకు ఊరికే ఆడిపోసుకుంటారు? అంత ఖర్చుపెట్టి తీసినోళ్ళు పుస్తకం చదవకుండా తీస్తారా? పుస్తకంలో చచ్చిపోయిందేమో!”

“పుస్తకంలో బతికింది” అన్నాను నేను. మిల్లులో చేరాక నాకు కొంచెం గొంతు వచ్చింది. “చిన్నప్పటినుంచి వింటున్నా. కుడిచెవి ముందు కదులుద్ది.”

“విన్నావు. చదివావా?”

“అత్త చదివితే నేను చదివినట్టే. గుర్రం చచ్చినట్టు పుస్తకంలో ఉంటే నా మీసం తీసేస్తా!”

“బతికినట్టుంటే నాది తీసేస్తా, ఫో!”

మా వైపు తండ్రి పోతేనే మీసం తీస్తారు. మా ఇద్దరి తండ్రులూ దుక్కల్లా ఉన్నారు. పందెం సంగతి తెలిసి మా నాన్న అరుగుమీద నుంచే కేక వేశాడు. “గుర్రం కోసం మీసాలు తీస్తార్రా? ముందు నన్ను పోనియ్యండి!” పైగా ఆ గురువారమే ఒంగోలులో నాకు పెళ్ళిచూపులు. నున్నటి మూతితో వెళితే పిల్ల తరఫువాళ్ళు కాఫీ ఇచ్చేముందే పరామర్శిస్తారు. అయినా నాకు భయం లేదు. ఈ గొడవలో అత్త ఒక్క మాటా మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయిందన్న సంగతి కూడా నేను పట్టించుకోలేదు.

మర్నాడు సోమవారం మిల్లు వదలగానే బ్రాడీపేట వెళ్ళి పుస్తకాల షాపులో అడిగాను. సీరియల్ పుణ్యమా అని నవల మళ్ళీ అచ్చయింది. అట్టమీద టీవీ రాకుమారుడి బొమ్మ. షాపు మెట్లమీదే తెరిచాను. ఆరో మలుపు అధ్యాయంలో పేజీ నిండా బొమ్మ ఉంది. గుర్రం నేలమీద పడి ఉంది. రాకుమారుడి తల దాని మెడమీద ఉంది. కింద, ‘వెన్నెల కన్నుమూసింది’ అని ఉంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి వెతికాను. చెవి కదల్లేదు. తోక కదల్లేదు. అసలా నవల మొత్తంలో మునీశ్వరుడనేవాడే లేడు! వాము అన్న మాటే లేదు. తెలియకుండానే చెయ్యి మీసం మీదికి పోయింది. పక్కన కూర్చున్న పెద్దాయన, “పన్నునొప్పా బాబూ?” అన్నాడు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. అత్త వసారా నిండా మనుషులు, మధ్యలో ఎర్రగా మిరపకాయల రాశి. గిత్తల పెద్దమ్మ కూడా వచ్చింది. బావ స్తంభానికి ఆనుకుని మీసం దువ్వుతున్నాడు. నేను నేరుగా వంటింట్లోకి పోయి పుస్తకం అత్త చేతిలో పెట్టాను. ఆమె నా మొహం చూసి పుస్తకం తెరవనే లేదు.

“చూశావా?” అంది.

“అత్తా, ఇందులో గుర్రం...”

“తెలుసులేరా. నేను మొదటిసారి చదివిన ఏడు మీ పెద్దమ్మ గిత్త పోయింది, జతలో ఎడమపక్కది. పోయి వారం కాలేదు. కథ వింటే మనసు కుదుటపడుద్దని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. పేజీ తిప్పాను గదా, చచ్చిన గుర్రం బొమ్మ. ఎట్టా చదవనురా ఆమె మొహం చూస్తా? నోటికొచ్చింది చదివి లేపాను.”

“మరి మునీశ్వరుడు?”

“లేపడానికి ఎవరో ఒకళ్ళు కావాలిగా!”

“వాము, పసుపు, ఆముదం?”

అత్త పొయ్యిలో పుల్ల ఎగదోసింది. “గిత్తకు పట్టించింది అదే. అక్కడ పనిచెయ్యలా. కథలోనన్నా పనిచెయ్యనీ అనుకున్నా. మరుసటేడు మళ్ళీ అదే చదవమన్నారు. ఇంకెక్కడ ఆపను?”

“ఇప్పుడేం చేద్దాం అత్తా?” అన్నాను. ఆమె పరువు, నా మీసం రెండూ ఒకే పేజీలో ఇరుక్కున్నాయి. బయట ఆ పెద్దమ్మ కూర్చుని ఉంది.

“చదువుదాం” అంది అత్త, కళ్ళజోడు తుడుచుకుంటూ.

వసారాలోకి వచ్చి, పీటమీద కూర్చుని, పేజీ తిప్పి చదివింది. దూకడం చదివింది, కూలడం చదివింది. తొడిమల చప్పుడు ఆగింది. ఆమె గొంతు వణకలేదు. చూపు అక్షరాల వెంట కదులుతూనే ఉంది. “అంతలో కొండచరియ వెనకనుంచి ఒక మునీశ్వరుడు...” అని వాము దంచింది, పసుపు కలిపింది, ఆముదం వెచ్చబెట్టింది. కుడిచెవి కదిలింది. తోక కదిలింది. గుర్రం లేచింది. “హమ్మయ్య!” అన్నారందరూ. ఆ పేజీలో ఏముందో చూసి వచ్చిన నేను కూడా అన్నాను.

“ఆగు పిన్నీ!” అన్నాడు బావ అత్తతో. “పందెం మీసం మీద. నేను కళ్ళారా చూడాల్సిందే.” అత్త అడ్డుపెట్టేలోపే పుస్తకం లాక్కున్నాడు.

బావ పేజీ వంక చూశాడు. పేజీ నిండా ఉన్న ఆ బొమ్మ కనపడకపోవడానికి అతనికేం చూపు తక్కువ కాదు. అతని మొహంలో ముందు గెలిచిన నవ్వు వచ్చింది. తల ఎత్తాడు. ఎదురుగా గిత్తల పెద్దమ్మ, ఒళ్ళో మిరపకాయలు, అతని వంకే చూస్తోంది. ఆ గిత్తను పాతిపెట్టిన రోజు గొయ్యి తవ్వినవాళ్ళలో బావ కూడా ఉన్నాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

“ఏం అల్లుడూ, ఏముందిరా అందులో?” అంది పెద్దమ్మ.

బావ పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

“ఏముంటది అత్తా? పిన్ని చదివిందే ఉంది. గుర్రం లేచింది. ఆ టీవీవాళ్ళకు చదవడం రాక చంపారు.” వీధి చివరి దాకా వినపడేలా అన్నాడు. డాబా మీద నుంచి అరిచి అరిచి అలవాటైన గొంతు. పుస్తకం మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఏమైందని తర్వాత అడిగితే, “ఏమో, ఎక్కడ పెట్టానో” అనేవాడు.

మర్నాడు ఉదయం నేను బస్సుకు వెళుతుంటే రోడ్డుమీద జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో బావ. ముక్కు కింద అంత ఖాళీ స్థలం ఉంటుందని నేనెప్పుడూ ఊహించలేదు. సైకిలు మీద పోతున్న పక్క ఊరి పెద్దమనిషి దిగి, కండువా సర్దుకుని, “అయ్యో, ఎప్పుడు జరిగిందయ్యా? ఎవరు పోయారు?” అని అడిగాడు.

“ఎవరూ పోలేదండీ” అన్నాడు బావ. “పోయిందనుకున్న గుర్రం బతికింది.”

ఆ పెద్దమనిషి ఏమీ అర్థంకాక మళ్ళీ సైకిలెక్కాడు. పాలచెంబుతో అటు వచ్చిన గిత్తల పెద్దమ్మ బావ ముందు ఆగి, గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. “పోతే పోయిందిలేరా అల్లుడూ, మళ్ళీ మొలుస్తది. గిత్తయితే మొలుస్తదా?” అని చెంబు సర్దుకుని నడిచింది. ఆమె గుర్రం అనలేదు, గిత్త అంది. నేనూ బావా ఒకరినొకరు చూసుకున్నాం. ఎవరికి ఎంత తెలుసో మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ ఉదయం బస్సులో కిటికీ అద్దంలో నా మీసం చూసుకుని, ఓడిపోయి కూడా నిలబెట్టుకున్నందుకు కుర్రతనంగా మెలి తిప్పాను. ఇప్పుడది పూర్తిగా నెరిసింది. పొద్దున్నే కత్తెరతో అంచులు సరిచేసుకునేటప్పుడు నాకు నవ్వు వస్తుంది. బావ సొమ్మును ఇన్నేళ్ళుగా నా మొహంమీద మోస్తున్నాను కదా అని.