పొన్నకొమ్మ వంపు

చేపలు పట్టే తిబన్ తన బోటును మరమ్మతుకని గట్టుమీదికి లాగిన రోజునుంచి సూరిబాబుకు కాలు నిలవడం లేదు. మలేషియాలోని హుటాన్ మెలింటాంగ్ రేవులో ముప్పై ఏళ్ళుగా పడవలు బాగుచేస్తున్న మనిషి, ఉలి ఎక్కడ పెట్టాడో మరిచిపోయి షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఇంట్లో రెండు ముద్దలు తిని లేచాడు.

"ఏటి, ఎవులైనా తరుముతున్నారేటి?" అంది భార్య శాంతాదేవి.

"అమాస పోటు శుక్కురోరమే," అన్నాడు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ.

అది నిజమే. అమావాస్య పోటుకే నీళ్ళు గట్టుదాకా ఎక్కి బోటును తేలుస్తాయి. అది తప్పితే మళ్ళీ పున్నమికే. అప్పటిదాకా, పదిహేను రోజులు, తిబన్‌కు వేట ఉండదు. కాని సూరిబాబు బయటికి చెప్పనిది ఇంకొకటి ఉంది.

బోటు లోపల, అడుగునుంచి పక్కకు తిరిగే మలుపులో, కుడివైపు పక్కటెముక, అంటే పలకలను పట్టి ఉంచే వంపు చెక్క, చీలింది. ఏటి మొగలో మొద్దుకు కొట్టుకున్నానని తిబన్ రోజూ తనను తాను తిట్టుకుంటున్నాడు. సూరిబాబుకు మాత్రం చీలిక చూడగానే సంగతి తెలిసిపోయింది. నాలుగేళ్ళ కిందట ఆ ఎముకను చేసింది తనే. వంకర కొమ్మ కోసం తిరిగే ఓపిక లేక, తిన్నని పలకలోంచి వంపు కోసి బిగించేశాడు. అలా కోస్తే మలుపు దగ్గర చెక్క నార తెగిపోతుంది. మొద్దు తగిలినా తగలకపోయినా అక్కడ విరగక మానదు.

ఈసారి కొమ్మ దొరికింది. ఏటి ఒడ్డున పొన్నచెట్టుది; ఇక్కడివాళ్ళు పెనాగా అంటారు. గాలికి విరిగి నెలల తరబడి బురదలో పడి ఉంది. మోచెయ్యి మడిచినట్టు వంగింది. కోతమిల్లువాళ్ళు ఇలాంటివి ముట్టుకోరు, వాళ్ళ రంపానికి తిన్నని దుంగలే కావాలి. సూరిబాబు దగ్గర ఉన్నది తోటల్లో కొమ్మలు నరికే చిన్న చైన్ సా. బ్లేడు పన్నెండు అంగుళాలు. వంపు వెంట తిరగడం దానికి చేతనవును.

కొమ్మను సిమెంటు నేలమీద పడుకోబెట్టి, కదలకుండా అటూ ఇటూ దన్ను పెట్టాడు. చెక్కముక్కకు పెన్సిలు కట్టి, నేలమీద జరుపుతూ కొమ్మ చుట్టూ ఒకే ఎత్తులో గీత గీశాడు. గీత వెంట రంపం ఆనించాడు. నార వెంట కోయాలంటే చిన్న యంత్రం మూలుగుతుంది. జానెడు పోయేసరికి రంపపు పొడి మైదాపిండిలా రాలింది. అంటే గొలుసు మొద్దుబారింది. ఆపి, ఆకురాయితో ఒక్కొక్క పన్నూ పదును పెట్టాలి. ఒకవైపు పళ్ళు ఎక్కువ అరిగితే కోత పక్కకు ఈడుస్తుంది. మనసేమో పరుగెడుతోంది, రంపం నడవనంటోంది. ఒకసారి ఉండబట్టలేక నొక్కాడు. పొగ లేచింది. మళ్ళీ ఆపాడు.

గురువారం మధ్యాహ్నానికి కొమ్మ రెండుగా విడిపోయింది. లోపల ఎర్రటి చెక్క. నార వంపు వెంటే తిరిగి ఉంది. ఒక సగం కుడికి, ఒక సగం ఎడమకి, కొలిచి చేసినట్టు.

బోటులో ఎడమవైపు ఎముకను కూడా ఆనాడు ఆ పలకలోంచే కోశాడు. అది ఇంకా విరగలేదు.

అంతలో తిబన్ వచ్చాడు. "అబ్బో, అయిపోనాదే! రేపు బిగించేసి పోటుకి దించేద్దాం మావా."

సూరిబాబు చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"దించలేం రా. ఎడమదీ మార్చాల. రెండూ సెక్కి బిగించడం రేపటికి అవదు."

"దానికేటైనాది? బాగానే ఉంది గదా!"

"రెండూ తిన్నటి పలకలోంచి నానే సేసినాను. ఇరగ్గొట్టినాది నీ మొద్దు కాదు, నా తొందర."

తిబన్ అతనివైపు తిరిగాడు. "ఆరు రోజులుగా నన్ను నేను తిట్టుకుంటంటే ఇంటా ఊరుకున్నావా?"

"ఇన్నాను."

తిబన్ స్పానర్ తీసుకుని బోటెక్కి, ఎడమ ఎముక బోల్టులు తనే విప్పాడు. దాన్ని రెండు దిమ్మెలమీద అడ్డంగా పెట్టి, పైకెక్కి నిలబడ్డాడు. ఏమీ కాలేదు.

"సూసినావా? ఉక్కు లా!" అన్నాడు, ఇక్కడి మలాయీల్లాగే మాట చివర 'లా' తగిలిస్తూ.

"గెంతు," అన్నాడు సూరిబాబు.

గెంతాడు. రెండోసారికి మలుపు దగ్గర ఠప్పున విరిగి, తిబన్ నేలమీద చతికిలబడ్డాడు. విరిగిన మొన చేతిలోకి తీసుకుని తెగిన నార తడిమి చూశాడు.

"సంద్రంమీద ఉండగా అయితే..." అని ఆగిపోయాడు. తరవాత లేచి దులుపుకున్నాడు. "పదైదు రోజులు మా ఇంటికి సేపలు నువ్వే తేవాల. కొన్నవి కాదు, గేలమేసి పట్టినవి."

"గేలమా? నాకు కూకోడం రాదురా!"

"నేర్సుకో లా."

శుక్రవారం పోటు వచ్చింది. నీళ్ళు బోటు అడుగును తడిమాయి. తాళ్ళు గట్టిగా బిగించి ఉండటంతో అది కదలలేదు. రేవు చివర సూరిబాబు గేలం పట్టుకుని కూర్చున్నాడు. చేప రెండుసార్లు ఎర కొరికింది. రెండుసార్లూ ముందే లాగేశాడు.