పెరటాసి శనివారం నా దొంగ కట్టు

మొన్న శనివారం నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికే నవ్వీ నవ్వీ అలిసిపోయినారు. ఒకే ఒక్క కోడిగుడ్డు అబ్బా! దాంతో నా పరువు తిరుపతిలో బస్సెక్కి పుత్తూరులో దిగింది. ముందు టీ పోసుకోండి, చెప్తా.

నాకు ఫైబ్రోమయాల్జియా అని మీకు తెలుసు కదా. రెండేండ్లయింది. ఆ పేరు పూర్తిగా పలికేసరికే నాకు సగం నీరసం వచ్చేస్తుంది. పొద్దున లేస్తే ఒళ్ళంతా ఎవరో రోకలితో దంచి పోయినట్టుంటుంది. ఒకరోజు భుజం, ఒకరోజు నడుము, ఒకరోజు అన్నీ. పైకి చూస్తే మాత్రం నిక్షేపంగా ఉంటా. రక్తం తీసినారు, ఎక్స్‌రే తీసినారు, స్కాన్ తీసినారు. అన్నీ నార్మల్. ఆ నార్మల్ అనే మాటే నా కొంప ముంచింది.

"నార్మల్ అని ఇంగ్లీషులో రాసిచ్చినారు కదమ్మా, ఇంకేం నొప్పి?" అనేది మా అత్త. చెడ్డది కాదు మా అత్త. కంటికి కనపడితేనే నమ్ముతుంది, అంతే. జొరం అంటే నుదురు ముట్టుకుని చూస్తుంది, కాబట్టి నమ్ముతుంది. నా నొప్పిని యాడ ముట్టుకుని చూసేది?

నా మాత్రల డబ్బా చూసినారు కదా, వారానికి ఏడు గదులు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అవి డాక్టరమ్మ రాసినవి. వారానికొకటి విటమిన్ డి. మెగ్నీషియం ఒకటి. ఇవి చాలవన్నట్టు ఫోన్లో ఎవరో చెప్తే విని చేపనూనె మాత్రలు కూడా నేనే కొనుక్కున్నా. ఒక శనివారం పొద్దున అది మింగతా ఉంటే మా అత్త చూసింది. "శనివారం పూట చేపనా!" అని పెట్టిన కేక వీధి చివర పూలమ్మే ఆమెకి కూడా వినపడింది. అప్పట్నుంచి శనివారం గదిలో చేపకు సెలవు.

డాక్టరమ్మ మాత్రం స్పష్టంగా చెప్పింది. "మాత్రలు సగం పని చేస్తాయి. మిగతా సగం నీ చేతిలో ఉంది. ఒళ్ళు బాగున్న రోజు ఎగిరి గంతేసి పనంతా నెత్తినేసుకోవద్దు" అని. చెప్పడం సులువే. మా ఇంట్లో పెరటాసి అనే తమిళ నెలలో వెంకటరమణ స్వామికి తళిగలు వేస్తారని ఆమెకి యాడ తెలుసు?

మూడో శనివారం మా ఇంట్లో తళిగ. నెలంతా ఇంట్లో గుడ్డు, మాంసం ముట్టం. ఆరోజు స్వామి పటం ముందర అరిటాకులేసి పులిహోర, చక్కెర పొంగలి, వడలు, ఇన్ని రకాలు పెట్టాల. పిండి దీపాలు వెలిగించాల. చుట్టాలు ముప్ఫై మంది వస్తారు. పోయిన సంవత్సరం ఆ వంటంతా చేసి పది రోజులు మంచం దిగలేదు నేను. దువ్వెన ఎత్తితే ఏడుపొచ్చేది. చుట్టాలేమన్నారో తెలుసా? "లాడ్జిలో కుర్చీలో కూచునే ఉద్యోగం కదా, వంట పని అలవాటు తప్పింది" అన్నారు. బస్టాండు పక్క లాడ్జిలో రిసెప్షన్ నాది. కుర్చీ ఉండాది నిజమే, కూచునేది ఎప్పుడు?

ఆ మాట నాకు ఇప్పటికీ మండుతుంది. నొప్పి కన్నా ఎక్కువ మండుతుంది.

ఈసారి నాలుగు రోజుల ముందే మా ఆయన మునిరత్నంతో చెప్పినా. "ఏమయ్యా, మీ అమ్మకు చెప్పు, నా వల్ల కాదని." పాపం చెప్పినాడు. మా అత్త మంచిగానే వినింది. విని, "సరేలేరా, రేవతిని వడలు మాత్రం చూసుకోమను" అనింది. వడలు మాత్రం! ముప్ఫై మందికి!

శుక్రవారం డ్యూటీ నుంచి ఇంటికొస్తా ఉంటే బస్టాండులో ఒకాయన విరిగిన చేతికి పుత్తూరు కట్టు కట్టుకుని కూచోనుండాడు. వెదురు బద్దలు, తెల్ల గుడ్డ, పసుపు మరకలు. ఆయన పక్కన నలుగురు. ఒకామె నీళ్ళు తాగిస్తా ఉంది, ఒకాయన విసరతా ఉండాడు. నేను అట్లే నిలబడిపోయినా. ఈ రెండేండ్లలో నాకెవరైనా ఒక గ్లాసు నీళ్ళిచ్చినారా?

ఇంటికి రాంగానే మా ఆయనతో అన్నా. "నాకు కట్టు కట్టు."

"యాడ విరిగింది?"

"యాడా విరగలేదు. అందుకే కట్టమంటా ఉండా."

ఆయన నవ్వు మొదలుపెట్టినాడు. అత్త తళిగకు కూరగాయలు కొనేదానికి మార్కెట్టుకు పోయుండాది. రెండు గంటలు రాదు. కట్టుకు ఆకు పసరు, గుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు కావాలని మన పక్కోళ్ళకు ఎవరికి తెలీదు? గుడ్డ అంటే నా పాత లంగా ఉండాది. బద్దలకు ఆయన అటక మీద పాత చాట ఒకటి విరిచినాడు. ఆకు ఏమాకో తెలీదు, పెరట్లో ఉండేది కరివేపాకు. అదే నూరినాం. గుడ్డే పెద్ద సమస్య. పెరటాసిలో మా ఇంట్లోకి గుడ్డు రావడమా? మా ఆయన హెల్మెట్‌లో పెట్టుకుని, పైన కర్చీఫ్ కప్పి, దొంగసారా తెచ్చినట్టు తెచ్చినాడు.

బాత్రూంలో కొళాయి తిప్పి పెట్టి కుడిచేతికి కట్టినాడు మహానుభావుడు. పచ్చసొన తీసేయమని చెప్పేలోపల గుడ్డు మొత్తం పోసేసినాడు. "బలం కదా, ఉండనీ" అన్నాడు.

అత్త వచ్చింది. లాడ్జి మెట్ల మీద జారి పడినానని, మా ఆయన అట్నుంచి అట్లే పుత్తూరు తీసుకుపోయి కట్టించినాడని చెప్పినా. చేతిలో సంచి కింద పడేసింది. టొమేటోలు ఇల్లంతా దొర్లినాయి. "అయ్యో నా తల్లీ!" అని నా తల నిమిరింది. నిజం చెప్తా, ఆ నిమిషం నాకు సిగ్గేసింది. కానీ ఎంత హాయిగా ఉండిందో!

శనివారం చుట్టాలందరూ దిగినారు. నాకు కుర్చీ! వెనకాల దిండు! ఫ్యాను నా పక్కకే తిప్పినారు. వంట మొత్తం మిగతా ఆడోళ్ళు పంచుకున్నారు, మా ఆయన కొబ్బరి తురిమినాడు. మా ఆయన పిన్ని, నేను చిన్నత్తా అని పిలుస్తా, ఆమెది పుత్తూరే. ఆమైతే నా మాత్రల డబ్బా మూత తీసి, పొద్దున మాత్ర నా నోట్లో వేసి, నీళ్ళు తాగించింది. పోయిన సంవత్సరం అదే మాత్రను చూసి "ఊరికే మింగతా ఉంటే అలవాటైపోతుంది" అనిన మనిషి! మాత్ర మింగి ఏడ్చేసినా. అందరూ చెయ్యి నొప్పేమో అనుకున్నారు.

అన్నీ బాగానే ఉన్నాయి, వాసన తప్ప. ఎండకు ఆ పచ్చసొన మొదలుపెట్టింది అబ్బా! చిన్నత్త ముక్కు ఎగబీల్చి, "మావోళ్ళ కట్టు ఇంత వాసన రాదే. ఎవరు కట్టినారు?" అని అడిగింది. "పేరు అడగలేదు చిన్నత్తా, బాగా జనం ఉండారు" అన్నా. పక్కింటి పిల్లి వచ్చి నా కుర్చీ కింద కూచుంది. తరిమితే పోదు. నన్నే చూస్తా ఉంది, ప్రేమగా.

పదకొండున్నరకు తళిగ వేసినారు. పిండి దీపాలు వెలిగించినారు. మా మామ కర్పూరం చేతిలోకి తీసుకుని గట్టిగా పిలిచినాడు.

"ఏడుకొండలవాడా! వెంకటరమణా!"

ఇక్కడ పుట్టి పెరిగినోళ్ళకు ఆ పిలుపు వినపడినాక చేతులు మన మాట వినవు. ముప్ఫై మందిమీ ఒకే గొంతుతో "గోవిందా! గోవింద!" అన్నాం. ముప్ఫై మందిమీ రెండు చేతులూ తలపైకెత్తి దండం పెట్టినాం.

ముప్ఫై మందిలో నేను కూడా ఉండా.

కళ్ళు తెరిచి చూస్తే స్వామి తప్ప అందరూ నన్నే చూస్తా ఉండారు. నా చేతులు ఇంకా పైనే ఉండాయి. కట్టు, బద్దలు, అన్నీ కలిపి నెత్తి మీద.

"ఏమే రేవతీ," అనింది చిన్నత్త నిదానంగా, "విరిగిన చెయ్యి అంత పైకి ఎట్ల లేచింది?"

నోరుందే నాకు, దాన్ని కూడా కట్టేసుంటే బాగుండు. "స్వామి మహిమ!" అనేసినా.

అంతే! మా అత్త కళ్ళలో నీళ్ళు. మా మామ మళ్ళీ గోవింద కొట్టినాడు. ఒకామె వచ్చి నా కట్టును కళ్ళకద్దుకుని, వాసనకు వెంటనే వెనక్కి జరిగింది. మా ఆయన గోడ పక్కకు తిరిగి భుజాలు కదిలిస్తా ఉండాడు. భక్తి అనుకున్నారు అందరూ.

మా అత్త కళ్ళు తుడుచుకుని ఏమనిందో చెప్పండి. "స్వామి బాగు చేసిన చెయ్యమ్మా అది! భోజనాలకు ఇంకో నాలుగు వాయిలు వడలు కావాల, ఆ చేత్తోనే తట్టు!"

తట్టినా. కుడిచేతికి కట్టు అడ్డం కదా, ఎడమ చేత్తోనే తట్టినా, నడుము పట్టేసింది, కాళ్ళు గుంజినాయి. నోరు తెరిచి ఒక్క మాట అనేదానికి లేదు. మహిమ జరిగినోళ్ళకు నొప్పి ఎట్లుంటుంది? అన్నిటికన్నా పెద్ద భయం స్వామి పేరు చెప్పి అబద్ధమాడినానే అని. వడ తిప్పిన ప్రతిసారీ మనసులోనే లెంపలేసుకున్నా.

అయిపోయిందా? లేదు. భోజనాలైనాక చిన్నత్త కొంగు దోపింది. "మహిమ సరే, కట్టు మాత్రం కట్టినోళ్ళే విప్పాల. పదండి పుత్తూరు." అత్త, చిన్నత్త, మా ఆయన, నేను. బస్సులో నా పక్కన ఎవరూ కూచోలేదు. కట్టు దయ.

కట్టు కట్టే పెద్దాయన ఇంటి వరండాలో బెంచీ మీద కూచోబెట్టినాడు. నా కట్టు చూసినాడు. వాసన చూసినాడు. కత్తెరతో నిదానంగా విప్పి, పసరు వేలితో తీసి మళ్ళీ వాసన చూసినాడు.

"కరివేపాకు, గుడ్డు. ఉప్పు ఒకటి మర్చిపోయినారమ్మా."

నేను తల దించుకున్నా. ఆయన బద్దలు పక్కన పెట్టినాడు. మా అత్త ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "ఒరే మునీ! ఇది మా అమ్మ ఇచ్చిన చాట కదరా!" అనింది. మా ఆయన వరండా దిగి రోడ్డు మీదికి పోయి నిలబడినాడు.

ఇంక దాచేదానికి ఏముంది? ఆడ బెంచీ మీదే మొత్తం చెప్పేసినా. గుడ్డుతో సహా. చెప్తా చెప్తా ఏడ్చేసినా కూడా. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని మణికట్టు నొక్కినాడు. "అబ్బా!" అన్నా. మోచేయి. "అమ్మా!" మెడ. భుజం. మోకాలు. యాడ ముట్టుకుంటే ఆడ అరుపు. ఆయన చేతులు వెనక్కి తీసుకుని మా అత్త పక్క తిరిగినాడు.

"ఎముకలు ఇనుమట్ల ఉండాయమ్మా. ఏం విరగలేదు. కానీ నలభై ఏండ్లుగా నొప్పినే చూస్తా ఉండా నేను. యాక్టింగు నొప్పి యాదో, నిజం నొప్పి యాదో నా వేళ్ళకు తెలుసు. ఈ బిడ్డది నిజం. మా కట్టుతో పోయేది మాత్రం కాదు, డాక్టరిచ్చే మాత్రలు విడవకుండా వేసుకోనియండి, పని తగ్గించండి."

రెండేండ్లుగా డాక్టరమ్మ చెప్పిన మాటే! అదే మాట!

తిరుగు బస్సులో అత్త నా పక్కనే కూచుంది. పుత్తూరు దాటినాక నా చెయ్యి, ఆ కంపు కొట్టే చెయ్యే, ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఇంత నొప్పుంటే ముందే చెప్పకూడదా?"

"రెండేండ్ల నుంచి చెప్తా ఉండా కదత్తా."

"చెప్పినావులే," అని కిటికీ పక్క చూసింది. "నేనే వినలేదు."

ఇంక చూడండి మా ఇంటి సంగతి! పొద్దున మాత్రకు, రాత్రి మాత్రకు అత్త ఫోన్లో అలారం. ఆదివారం డబ్బా నింపేది ఆమే. చాట విరిచినందుకు నెలంతా పిండి రుబ్బే శిక్ష మా ఆయనకు. గుడ్డు తెచ్చిన పాపానికి కొండకు నడిచి పోతానని ఆయనే మొక్కుకున్నాడు.

నిన్న పొద్దున లేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉండాది, ఎన్నాళ్ళకో. హుషారుగా వంటింట్లోకి పోయి, "అత్తా, ఈరోజు నాకు నొప్పి లేదు, దోసెలు నేను పోస్తా" అన్నా.

అత్త గరిటె ఇవ్వలేదు. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నీ మాట ఎట్ల నమ్మేది? పోయి కూచో. పుత్తూరాయనకు ఫోన్ చేసి అడుగుతా."